బాసు తగ్గితే లోకువైపోతాడా? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో, కొత్తగా టీమ్ బాధ్యత నెత్తిన పడ్డవాళ్లు రాయండి అని అడిగాం. వచ్చినవాటిలో చాలామందిది ఒకటే టెన్షన్, మనం కాస్త తగ్గి ఉంటే లోకువైపోమా అని. ఇంకొందరు తమ పైవాళ్ల గురించి రాశారు, అవి బాగా ఘాటుగా ఉన్నాయి కాబట్టి అచ్చు వేయగలిగినంత వరకు చల్లార్చి వేస్తున్నాం. పేర్లు, కంపెనీల వివరాలు అందరివీ తీసేశాం. ఇది మా బాసే అని ఎవరికైనా అనిపిస్తే అది మా తప్పు కాదు.

ప్రశ్న: మేడమ్, నాకింకా ముప్పై నిండలేదు. మొన్న నన్ను టీమ్ లీడ్ చేశారు. టీమ్‌లో ఒకాయన నాకంటే పదిహేనేళ్లు సీనియర్, మా సిస్టమ్ మొత్తం ఆయన చేతుల మీదుగా కట్టిందే. నేను ఆయన్ని గారూ అంటాను, ఆయన నన్ను అమ్మా అంటారు. మీటింగులో నాకు తెలియని విషయం వస్తే తెలియదని ఒప్పుకోవాలా, తెలిసినట్టు తల ఊపాలా? అందరూ వినయంగా ఉండమంటారు. ఉంటేనేమో "ఈ అమ్మాయికి ఏమీ రాదు" అంటున్నారు.

జవాబు: తల ఊపడం మాత్రం వద్దు. విషయం తెలిసినవాళ్ల ముందు తెలిసినట్టు నటిస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతాం. అక్కడితో "ఈమెకి ఇది రాదు" అన్నది కాస్తా "ఈమె మాట నమ్మలేం" అన్నదాకా వెళ్తుంది, అది కడుక్కోవడం కష్టం.

అలాగని మీ భయం ఉత్తిదే అని కొట్టిపారేయను. బ్రాడ్లీ ఓవెన్స్, డేవిడ్ హెక్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల సంస్థల్లో 55 మంది నాయకులతో మాట్లాడి 2012లో ఒక పేపరు వేశారు. వయసులో చిన్నవాళ్లు, ఆడవాళ్లు నాయకులైతే వాళ్లు వినయంగా ఉండాలని మిగతావాళ్లు ఇంకాస్త ఎక్కువగానే ఆశిస్తారట, తీరా ఉంటే అసలు వీళ్లకి పని వచ్చా అని అనుమానించడమూ అక్కడే ఎక్కువట. జుట్టు నెరిసిన పెద్దమనిషి "నాకు తెలియదయ్యా" అంటే ఎంత పెద్ద మనసో అనుకుంటారు, అదే ముక్క మీ నోట వస్తే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ ఇందులోంచే మీకు పనికొచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది. పని వచ్చు అన్న నమ్మకం ముందు ఏర్పడితే, ఆ తర్వాత తగ్గినదానికి విలువ ఉంటుంది. కాబట్టి మీకు గట్టిగా తెలిసిన చోట మెత్తబడకండి. గడువులు, పని పంపకం, పైవాళ్లతో మాట్లాడి టీమ్‌కి కావాల్సింది తెచ్చిపెట్టడం, ఇవి మీ చేతిలో పని. అక్కడ "నాకెందుకో అనిపిస్తోంది, తప్పయితే ఏమీ అనుకోకండి" లాంటి నసుగుడు పూర్తిగా మానేయండి.

ఇక తెలియని చోట, తెలియదన్న మాటకి హద్దు గీసి చెప్పండి. "నాకు తెలియదండీ" అని ఆగిపోతే గదిలో అందరికీ కాళ్ల కింద నేల కదిలినట్టు ఉంటుంది. "పాత డేటా ఎలా మారుస్తారన్న భాగం నాకు తెలియదు, అది మీరు చెప్పండి, విని ఏ దారిన వెళ్లాలో గురువారంలోపు నేను తేల్చేస్తాను" అంటే తెలియనిది ఒక్క ముక్కకే పరిమితమైంది, నిర్ణయం మీ దగ్గరే ఉంది, ఆయనకి గౌరవం కూడా దక్కింది.

ఆ సీనియర్ గారి దగ్గరికి మీటింగుకి ముందే ఒక్కరే వెళ్లి కూర్చుని నేర్చుకోండి. మీటింగులో "ఇది నాకు ఫలానావారు చెప్పారు" అని పేరు పెట్టి చెప్పండి. అమ్మా అని పిలిస్తే పిలవనివ్వండి, దానితో యుద్ధం అనవసరం. కానీ ఎప్పుడైనా నలుగురిలో "నువ్వు ఊరుకో అమ్మా" అన్నారనుకోండి, అది వేరే సంగతి, అదే రోజు విడిగా కూర్చోబెట్టి "మీరు నాకు పెద్దవారు, కానీ ఆ మాట టీమ్ ముందు వద్దండీ" అని చెప్పేయాలి. మొహమాటపడి వదిలేస్తే రెండోసారి ఇంకా తేలిగ్గా వస్తుంది ఆ మాట.

ప్రశ్న: నేను చాలా ఓపెన్‌గా ఉండే మనిషిని. ప్రతి మీటింగు చివర "డౌట్స్ ఏమైనా ఉన్నాయా, మనసులో ఉన్నది చెప్పేయండి, నేనేమీ అనుకోను" అంటాను. గోడలకి చెప్పినట్టే. బయటికి వెళ్లాక మాత్రం కారిడార్‌లో గుసగుసలు. పోయిన నెల ఒక పని మొత్తం తప్పు దారిలో పోయింది, తర్వాత తెలిసింది ముగ్గురికి ముందే అనుమానం ఉందని. అంత వినయంగా అడుగుతుంటే ఎందుకు చెప్పరు?

జవాబు: ముందు మీరు అడుగుతున్న తీరు చూద్దాం. మీటింగు చివర అడుగుతున్నారు, అంటే అప్పటికే మీ అభిప్రాయం అరగంట సేపు చెప్పేశారు, జనం లాప్‌టాప్‌లు మూసి కుర్చీలు వెనక్కి జరిపేశారు. ఆ సమయంలో ఎవరైనా నోరు విప్పితే మీకు ఎదురు చెప్పినవాడవుతాడు, పది మందిని ఇంకో పావుగంట కూర్చోబెట్టిన పాపమూ వాడిదే. పైగా "డౌట్స్" అన్నారు, డౌట్ ఉండటమంటే అర్థం కాకపోవడం అన్నట్టు. ఇక "నేనేమీ అనుకోను" అన్నది వినగానే ఎదుటివాడికి తట్టేదేమిటంటే, ఓహో, అనుకోవడానికి ఇక్కడ ఏదో ఉందన్నమాట.

వేరేగా అడగండి. మీ మాట చివరికి ఉంచుకోండి. "ఈ ప్లాన్ చెడితే ఎక్కడ చెడుతుంది?" అని, అందరికంటే చిన్న ఉద్యోగితో మొదలుపెట్టి వరుసగా ఒక్కొక్కరినీ అడగండి. ఇలా అడిగితే తప్పు వెతకడం వాళ్ల పని అవుతుంది, మీరు అప్పగించిన పని. ఎదురు చెప్పడం అనే మచ్చ ఉండదు.

అయినా ఒకటి చెప్పనా, ఎంత బాగా అడిగినా మీ కుర్చీ బరువు మీకు కనబడదు, కింద కూర్చున్నవాళ్లకే కనబడుతుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు గుద్దుకుని 583 మంది చనిపోయారు. టేకాఫ్‌కి దూసుకెళ్లింది డచ్ ఎయిర్‌లైన్ కేఎల్ఎమ్ విమానం, దాని కెప్టెన్ ఆ కంపెనీలో 747 పైలట్లకి శిక్షణ ఇచ్చేవాళ్లలో అందరికంటే పెద్ద. మొదటిసారి ఆయన ఇంజన్ల వేగం పెంచబోతే కో-పైలట్ ఇంకా అనుమతి రాలేదన్నాడు, ఆయన ఆగాడు. కాసేపటికి మళ్లీ బయల్దేరాడు. అప్పుడు వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్ రేడియోలో మాటలు విని, రన్‌వే మీదున్న ఆ రెండో విమానం, పాన్ అమెరికన్‌ది, ఇంకా పక్కకి తప్పుకోలేదా అని అడిగాడు. తప్పుకుంది అన్నాడు కెప్టెన్, గట్టిగా. ఇంజనీర్ మళ్లీ అడగలేదు. పొగమంచు, రేడియోలో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడి వినబడకపోవడం, ఇలా ఆ ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి, అంతా ఆ ఒక్క మాట వల్లే అంటే తప్పవుతుంది. కానీ ఆ గదిలో సరైన అనుమానం వచ్చిన మనిషి ఒకడున్నాడు, ఆ అనుమానాన్ని నోటితో అన్నాడు కూడా, అది ప్రశ్నలాగా, మెల్లగా, ఒక్కసారే వచ్చింది. కెప్టెన్ కసిరిందీ లేదు, తిట్టిందీ లేదు. "తప్పుకుంది" అన్న ఒక్క ముక్క చాలిపోయింది.

మీ ముగ్గురూ కూడా ఎక్కడో ఒకసారి మెల్లగా అనే ఉంటారు, వెనక్కి తిరిగి మెయిల్స్ వెతకండి. "ఒకసారి చూస్తే బాగుంటుందేమో" అన్న వాక్యం ఎక్కడో కనబడుతుంది.

విమానయానం ఈ విషయంలో ఆఫీసుల కంటే చాలా ముందుంది, ప్రాణాలు పోయాయి కాబట్టి నేర్చుకుంది. మరుసటి ఏడాది డిసెంబర్ 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి, చక్రాల సమస్య ఏమిటో చూసుకుంటూ గాల్లో తిరిగీ తిరిగీ ఇంధనం అయిపోయి కూలింది, 10 మంది పోయారు. ఇంధనం తగ్గుతోందన్న సంగతి కాక్‌పిట్‌లో పక్కవాళ్లకి తెలుసు, అన్నారు కూడా, కానీ దిగిపోవాలి అని పట్టుబట్టి అనలేదు. దర్యాప్తు సంస్థ అప్పుడు రెండు వైపులకీ శిక్షణ కావాలని చెప్పింది, కెప్టెన్లకి మిగతావాళ్లని కలుపుకుని నిర్ణయాలు తీసుకోవడంలో, మిగతా సిబ్బందికి గట్టిగా చెప్పడంలో. 1981లో యునైటెడ్ ఆ శిక్షణ మొదలుపెట్టింది, తర్వాత ప్రపంచంలో మిగతా ఎయిర్‌లైన్స్ అందుకున్నాయి. మేనేజర్ ఒక్కడూ మారితే చాలదు, కిందివాళ్లకి కూడా ఏ మాటల్లో చెప్పాలో నేర్పాలి. మీ టీమ్‌కి ఒక వాక్యం ఇవ్వండి: "నేను మూడు సార్లు చూసి చెబుతున్నాను, ఇది ఆపాలి." ఈ వాక్యం ఎవరన్నా సరే పని ఆగుతుంది అని ముందే ఒప్పందం చేసుకోండి.

ఇంకో చిన్న ఉపాయం ఆసుపత్రుల నుంచి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ తెచ్చింది. అందులో ఒకటి, కత్తి పెట్టేముందు గదిలో ప్రతి ఒక్కరూ తన పేరు, తన పని పైకి చెప్పడం. 8 నగరాల ఆసుపత్రుల్లో ఆ చెక్‌లిస్ట్ వాడి చూస్తే తీవ్రమైన ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. అదంతా పేర్లు చెప్పడం వల్లే జరగలేదు లెండి, మిగతా 18 కూడా ఉన్నాయి. కానీ మొదట్లో ఒకసారి గొంతు విప్పినవాడికి మధ్యలో మళ్లీ విప్పడం తేలిక, ఇది ఏ మీటింగులోనైనా మీరే చూడొచ్చు. మొదటి అయిదు నిమిషాల్లో ప్రతి ఒక్కరి చేతా ఏదో ఒకటి మాట్లాడించండి.

అసలు పరీక్ష మాత్రం మీటింగులో ఉండదు. మీ సీటు దగ్గర ఉంటుంది. సాయంత్రం అవుతుంది, టీమ్‌లో కుర్రాడు సగం తెరిచిన లాప్‌టాప్ ఒక చేత్తో పట్టుకుని వచ్చి, మీ వెనక రెండడుగుల దూరంలో నిలబడి, "సార్, చిన్న ఇష్యూ" అంటాడు. చిన్న ఇష్యూ అన్నది ఎప్పుడూ చిన్నది కాదు, భయం ఎంత ఉంటే అంత చిన్నది చేసి తెస్తారు. అప్పుడు మీరు స్క్రీన్ మీంచి కళ్లు తిప్పారా, ఊపిరి గట్టిగా వదిలారా, "మళ్లీ ఏమైంది" అన్నారా, ఇదంతా రెండు సెకన్ల పని, కానీ రేపు పొద్దున్నకల్లా టీమ్ అందరికీ తెలిసిపోతుంది. టయోటా ఫ్యాక్టరీల్లో ఏ కార్మికుడికైనా తేడా కనబడితే తాడు లాగే (ఇప్పుడు కొన్నిచోట్ల బటన్ నొక్కే) పద్ధతి ఉంది. లాగితే టీమ్ లీడరే నడుచుకుంటూ అతని దగ్గరికి వస్తాడు, అతన్ని క్యాబిన్‌కి రమ్మని పిలవరు. మీరూ కుర్చీ లాగి కూర్చోమనండి, "ఇప్పుడే చెప్పడం మంచిదైంది, చూపించు" అనండి. ఎవరి వల్ల అన్నది రేపు చూసుకోవచ్చు.

ఇలా మారాక ఒక తమాషా జరుగుతుంది, ముందే చెబుతున్నాను. తప్పులు పెరిగినట్టు కనబడతాయి. 1990లలో హార్వర్డ్‌లో పరిశోధన చేస్తున్న ఏమీ ఎడ్మండ్సన్ ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల లెక్క తీస్తే, బాగా కలిసి పనిచేసే టీమ్‌ల దగ్గరే ఎక్కువ పొరపాట్లు తేలాయి. తికమకపడి తవ్వి చూస్తే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, దాచడం లేదు. మీ రిజిస్టర్‌లో తప్పుల లెక్క పెరిగిందని మీ పైవాళ్లు అడిగితే ఈ సంగతి చెప్పండి, నమ్మితే అదృష్టం.

ప్రశ్న: అందరితో స్నేహంగా ఉంటాను, గడువు దాటినా ఒక మాట అనను, నేనూ ఒకప్పుడు వాళ్లలో ఒకణ్ణే కదా అని. ఇప్పుడు ఒకతను పూర్తిగా పని మానేశాడు, మిగతా ఇద్దరు అతని పని చేస్తున్నారు. మా బావ అయితే "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి, నీ వినయమే నిన్ను ముంచుతోంది" అంటున్నాడు. కఠినంగా మారిపోనా?

జవాబు: మీ బావగారి సామెత నిజమే కానీ ఉత్తరం మొత్తం చదివినా నాకు వినయం ఎక్కడా దొరకలేదండీ, మొహమాటం దొరికింది. ఆ ఒకతనికి చెప్పాల్సిన మాట మీరు చెప్పకపోవడానికి కారణం అతని మీద గౌరవమా, మంచివాడన్న మీ పేరు పోతుందన్న భయమా? కోపం తెచ్చుకోకుండా ఆలోచించండి. మీ పేరు నిలబెట్టుకోవడానికి ఇద్దరు రాత్రిదాకా కూర్చుంటున్నారు.

మెత్తగా మాట్లాడే మనిషి గట్టి నిర్ణయాలు తీసుకోలేడన్నది వట్టి మాట. కింబర్లీ-క్లార్క్ కంపెనీకి 1971 నుంచి 20 ఏళ్లు సీఈఓగా చేసిన డార్విన్ స్మిత్ సిగ్గరి, ఆర్భాటం లేని లాయర్. పెద్ద హోదా వచ్చినా, ఈ ఉద్యోగానికి తగినవాణ్ణి కావాలని ప్రయత్నిస్తూనే ఉన్నానని చెప్పుకున్నవాడు. అదే మనిషి ఆ కంపెనీకి పుట్టిల్లు లాంటి కాగితం మిల్లులు అమ్మేసి, ఆ డబ్బు ఇంట్లో వాడే వస్తువుల బ్రాండ్ల మీద పెట్టాడు. జనం నవ్వారు. ఆయన తగ్గలేదు. కంపెనీల మీద పుస్తకాలు రాసే జిమ్ కాలిన్స్ 2001లో వినయం, పట్టుదల రెండూ కలిసిన నాయకుల గురించి రాసినప్పుడు ముందు చూపించింది ఈయన్నే.

మీరు చేయాల్సింది అంత పెద్ద పని కాదు. అతన్ని పిలిచి, ఇలా: "ఈ నెలలో మూడు రిపోర్టులు ఆలస్యమయ్యాయి, ఆ పని ఇద్దరి మీద పడింది. కారణం నాకు తెలియదు, మీరు చెప్పండి. వచ్చే సోమవారం నుంచి మీ పని మీ దగ్గరే ఉండాలి." చెప్పాక మౌనంగా ఉండండి, నవ్వి తేలిక చేయకండి. ఇంట్లో ఏదైనా కష్టం ఉందేమో, మీరు ఇచ్చిన పనే అతనికి అర్థం కాలేదేమో, రెండో వాక్యం అందుకే. చాలామంది మేనేజర్లు ఆ వాక్యం మింగేసి మొదటిదీ మూడోదీ మాత్రమే అంటారు, మీలాంటివాళ్లు రెండోది ఒక్కటే అని లేచి వచ్చేస్తారు. కఠినంగా మారిపోవడం అక్కర్లేదు, గొంతు ఒక్క ముక్క కూడా పెంచక్కర్లేదు.

ప్రశ్న: ఎవరైనా పొగిడితే "అబ్బే, నాదేముందండీ, అంతా టీమ్ వల్లే" అనాలని మా హెచ్‌ఆర్ ట్రెయినింగులో చెప్పారు. నిజంగా ఒక్కణ్ణే రాత్రంతా కూర్చుని చేసిన పనికి కూడా అలాగే అనాలా?

జవాబు: అక్కర్లేదు. "థాంక్సండీ, కష్టపడ్డాను" అంటే చాలు. మిగతావాళ్లు నిజంగా చేసి ఉంటే ఎవరు ఏం చేశారో పేరుతో చెప్పండి. ఊరికే "అంతా టీమే" అంటే టీమ్‌లో ఒక్కరికీ ఏమీ ముట్టదు.

ప్రశ్న: నిన్న మీటింగులో అందరి ముందు ఒక జూనియర్ మీద అరిచాను, పాత లెక్కలు పెట్టాడని. సాయంత్రం చూసుకుంటే పాత ఫైలు పంపింది నేనే. రాత్రి నిద్ర పట్టలేదు. అబ్బాయిని విడిగా పిలిచి సారీ చెబితే సరిపోతుందా? అందరి ముందు చెబితే నా మాటకి విలువ ఉంటుందా?

జవాబు: అరిచింది అందరి ముందు, సారీ తలుపేసుకునా? కుదరదు. టీమ్‌లో మిగతావాళ్ల దృష్టిలో ఆ అబ్బాయి ఇంకా తప్పు చేసినవాడే కదా.

ముందు అతని దగ్గరికి మీరే వెళ్లండి. పిలిపించకండి, పిలుపు రాగానే వాడి గుండె ఇంకోసారి జారుతుంది. "ఫైలు నేనే తప్పు పంపాను, నీ మీద అరవడం నా తప్పు, రేపు మీటింగులో కూడా చెబుతాను" అనండి, అందరి ముందు వద్దు సార్ అని అతను నిజంగా ఇబ్బందిపడితే గ్రూపులో మెయిల్ పెట్టండి. మీటింగులో అయితే రెండు వాక్యాలు చాలు: నిన్నటి లెక్కల్లో తప్పు నాది, ఫలానా అబ్బాయి పెట్టింది నేను ఇచ్చిన ఫైలే, అరవాల్సింది కాదు, సారీ. వెంటనే పనిలోకి వెళ్లిపోండి. ఇందులో "కానీ" రాకూడదు. "కానీ నువ్వు కూడా ఒకసారి చెక్ చేసి ఉండాల్సింది" అని తగిలించారో, సారీ మొత్తం వెనక్కి తీసుకున్నట్టే. ఆ చెక్ చేసే మాట నిజమే అయినా వేరే రోజు, వేరే సందర్భంలో మాట్లాడుకోండి.

ఇంకోటి, అతిగా కూడా పోకండి. అతి వినయం ధూర్త లక్షణం అని పెద్దలు ఊరికే అనలేదు. నేను చాలా చెడ్డ బాస్‌ని, నాకు నిద్ర పట్టలేదు, నువ్వు నన్ను క్షమించాలి అంటూ పది నిమిషాలు సాగదీస్తే, తిట్లు తిన్న ఆ అబ్బాయే చివరికి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. మీ నిద్ర సంగతి ఇంట్లో చెప్పుకోండి. మాటకి విలువ పోతుందా అన్నారు, ఒకటి అడుగుతాను: ఫైలు ఎవరు పంపారో మెయిల్‌లో అందరికీ కనబడుతూనే ఉంది కదా. వాళ్లు ఇప్పుడు చూస్తున్నది మీరు చెబుతారా లేదా అనే.

ప్రశ్న: అక్కా, మా మేనేజర్ బయట వేదికల మీద వినయం గురించి గంటలు గంటలు మాట్లాడతారు. మేం చేసిన పని పైవాళ్ల దగ్గర "నేను చేశాను" అంటారు, చెడిపోతే "టీమ్ సరిగ్గా చేయలేదు" అంటారు. ఆయన్ని మార్చడం ఎలా?

జవాబు: ఆయన్ని మార్చే పని నువ్వు నెత్తిన వేసుకోకు తల్లీ, ఆ పనికి నీకు జీతం లేదు. నీ పని కనబడేలా చేసుకోవడం వరకే చూడు. చేసిన పని గురించి వారానికి ఒక చిన్న మెయిల్, ఎవరు ఏది చేశారో పేర్లతో, సంబంధం ఉన్న పక్క టీమ్‌వాళ్లని కూడా కలిపి పంపు. పైవాళ్ల ముందు ప్రెజెంటేషన్ ఉంటే "ఈ భాగం వివరాలు నా దగ్గర ఉన్నాయి సార్, మీకు ఇబ్బంది లేకుండా నేను చెబుతాను" అని ముందే అడిగి ఉంచుకో. ఆయన మీద ఫిర్యాదులా ఉండదు, సాయంలా ఉంటుంది. ఏడాది చూసినా తీరు మారకపోతే వేరే టీమ్‌కి మారడం గురించి ఆలోచించు, నిజం చెప్పాలంటే ఇలాంటివాళ్లు చాలాసార్లు మారరు.

ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే మాత్రం శ్రీహరికోట సంగతి ఒకటుంది, చాలామంది విన్నదే. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ప్రెస్ ముందుకి వెళ్లింది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్, వైఫల్యం తనదేనని చెప్పారు. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి ప్రెస్‌తో నువ్వు మాట్లాడు అని కలాంని పంపారు. ఇది కలాం గారే తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. నాకు ఇందులో నచ్చేది మొదటి సగం. గెలిచాక పక్కకి తప్పుకోవడం కొంచెం మనసుంటే ఎవరైనా చేయొచ్చు. ఓడిన రోజు, తప్పు ఎక్కడ జరిగిందో ఇంకా పూర్తిగా తేలకముందే, విలేకరుల ప్రశ్నలన్నిటికీ ఎదురుగా వెళ్లి కూర్చోవడం కష్టం. మీ మేనేజర్ "టీమ్ సరిగ్గా చేయలేదు" అనేది సరిగ్గా ఆ చోటే. నువ్వు రేపు నలుగురికి లీడ్ అయ్యాక, పని చెడిన రోజు పైవాళ్లకి వెళ్లే మెయిల్ నీ పేరు మీద వెళ్లేలా చూసుకో, అప్పటికి ఇది గుర్తుంటే చాలు.

ప్రశ్న: మా కొత్త బాస్ వచ్చిన మొదటి రోజే "నేను చాలా డౌన్ టు ఎర్త్, నన్ను బాస్‌లా చూడకండి" అన్నారు. నమ్మొచ్చా?

జవాబు: ఆయన ప్లాన్‌లో ఒక చిన్న తప్పు వెతికి, విడిగా, మర్యాదగా చూపించి చూడండి, తెలిసిపోతుంది. చిన్నదే సుమా. అప్రైజల్ దగ్గరపడి ఉంటే అది అయ్యాక.